అది మొండితనం కాదు, నొప్పి

పోయిన ఆదివారం తెనాలిలో మా పిన్ని కూతురింట్లో సత్యనారాయణ వ్రతం. మూడో అధ్యాయం నడుస్తుండగా హాల్లో కిటికీ కర్టెన్ కదిలింది. దాని వెనక మా చెల్లి కొడుకు, రెండున్నరేళ్ళవాడు. కాళ్ళు మెలిపెట్టి, మునివేళ్ళ మీద నిలబడి, రెండు చేతులతో కిటికీ ఊచలు పట్టుకుని, మొహం కందగడ్డలా చేసుకుని బిగుసుకుపోయి ఉన్నాడు.

"అదిగో, మొదలెట్టాడు" అని నవ్వింది ఒకావిడ. "ఐదు రోజులైందిట. కూర్చోమంటే కూర్చోడు. ఎంత మొండో!" అంది ఇంకొకావిడ. ఆ మాటతో మా చెల్లి అత్తగారు లేచి, వాడి రెక్క పట్టుకుని బాత్రూమ్‌లోకి తీసుకెళ్ళి కమోడ్ మీద కూలేశారు. వాడి ఏడుపు ముందు పంతులుగారి మైకు కూడా చాల్లేదు. పావుగంట తర్వాత వెక్కుతూ బయటికొచ్చాడు. లోపల జరిగిందేమీ లేదు.

వంటింట్లోకి వెళ్తే మా చెల్లి ప్రసాదం గిన్నె పట్టుకుని కళ్ళు తుడుచుకుంటోంది. "అక్కా, నేను పెట్టే తిండి బాలేదుట. అందుకే వాడికిలా అవుతోందిట" అంది.

ఇంటికొచ్చి వారమైనా ఆ కర్టెన్ నా కళ్ళ ముందు నుంచి పోవట్లేదు. అందుకే ఇది రాస్తున్నాను. కాస్త ఘాటుగానే ఉంటుంది. భోజనం చేస్తూ చదవకండి. "ఛీ, ఇదేం విషయమమ్మా రాయడానికి" అని ముక్కు మూసుకునేవాళ్ళుంటే వాళ్ళకో మాట. ఆ ముక్కు మూసుకోవడం దగ్గరే సగం సమస్య ఉంది.

ముందు ఆ కర్టెన్ వెనక ఏం జరుగుతోందో చెప్పనివ్వండి. అందరూ వాడు ముక్కుతున్నాడనుకున్నారు. కాదు. వాడు ఆపుకుంటున్నాడు. కాళ్ళు మెలిపెట్టడం, పిరుదులు బిగించడం, మునివేళ్ళ మీద లేవడం, ఓ మూలకి పోయి దాక్కోవడం, ఇవన్నీ బయటికి రాకుండా ఆపుకునే పిల్లలు చేసే పనులు. ఎందుకు ఆపుకుంటాడు? ఎప్పుడో ఒకసారి గట్టిగా వచ్చి నొప్పెట్టింది కాబట్టి. జ్వరమొచ్చి నీళ్ళు తాగని రోజుల్లోనో, ప్రయాణంలోనో, తల్లిపాలు మాని ఆవుపాలకో అన్నానికో మారినప్పుడో, డైపర్ మాన్పించడానికి తొందరపెట్టినప్పుడో అది మొదలవుతుంది. రెండేళ్ళ పిల్లాడికి తర్కం ఒక్కటే. మొన్న వచ్చినప్పుడు నొప్పెట్టింది, కాబట్టి ఇవాళ రానివ్వకూడదు. కాలిన పెనం ముట్టుకున్న పిల్లాడు మళ్ళీ పెనం దగ్గరికి రాకపోతే తెలివైనవాడంటాం. ఇక్కడ మాత్రం మొండివాడంటాం.

ఆపుకున్న కొద్దీ ఏమవుతుంది? ఉదయం కలిపిన చపాతీ పిండిని మూతపెట్టకుండా వదిలేస్తే సాయంత్రానికి ఎలా అవుతుందో మనందరికీ తెలుసు. లోపలా అంతే. పేగు నీటిని పీల్చుకుంటూనే ఉంటుంది, మలం గట్టిపడుతూనే ఉంటుంది, పైనుంచి వచ్చేది చేరి పెద్దదవుతూనే ఉంటుంది. చివరికి వచ్చినప్పుడు ఇంకా ఎక్కువ నొప్పి. దాంతో ఇంకా ఎక్కువ భయం, ఇంకా ఎక్కువ ఆపుకోవడం. ఇలా నెలలు గడిస్తే చివరి పేగు పాత లంగా ఎలాస్టిక్‌లా సాగిపోతుంది. అప్పుడిక "వస్తోంది" అన్న కబురు కూడా పిల్లాడికి సరిగ్గా అందదు. ఆ స్థితిలో చెడ్డీ పాడుచేసుకునే పిల్లాణ్ణి తిట్టడమంటే జ్వరమొచ్చినవాణ్ణి ఒళ్ళెందుకు కాలుతోందని తిట్టడమే.

ఇంత తెలిసినదాన్ని నేనేదో గొప్ప తల్లిననుకోకండి. ఇదంతా తప్పు చేసి నేర్చుకున్నాను. మా చిన్నమ్మాయికి ఇప్పుడు పదకొండేళ్ళు. దాన్ని అడిగాకే ఇది రాస్తున్నాను. "రాసుకో, నా పేరు మాత్రం రాయకు" అంది.

దానికి రెండేళ్ళ తొమ్మిది నెలలప్పుడు ఒక ప్లే స్కూల్లో చేర్పిద్దామని వెళ్ళాం. జూన్‌కల్లా డైపర్ మాన్పించి పంపాలన్నారు. అప్పటికి ఏప్రిల్. ఫోన్లో మూడు రోజుల్లో డైపర్ మాన్పించే వీడియోలు చూసి నడుం బిగించాను. ఒంటేలు చెప్పడం రెండు వారాల్లో నేర్చుకుంది. అంతలో జ్వరం వచ్చింది, నాలుగు రోజులు నీళ్ళు సరిగ్గా తాగలేదు, ఆ తర్వాత గట్టిగా వచ్చి కాస్త చీరుకుంది. ఒక్క చుక్క నెత్తురు. ఆ రోజు నుంచి కమోడ్ చూస్తే చాలు, నా మెడ పట్టుకుని వేలాడేది.

మొదట బతిమాలాను. తర్వాత చాక్లెట్ ఆశపెట్టాను. ఆ తర్వాత కేకలేశాను. ఒక మధ్యాహ్నం దాన్ని కమోడ్ మీద కూర్చోబెట్టి, తలుపు గడియపెట్టి, "వెళ్ళేదాకా బయటికి రానివ్వను" అన్నాను. ఇరవై నిమిషాలు. లోపల్నుంచి "వద్దమ్మా, వద్దమ్మా" అంటూనే ఉంది. నేను తలుపుకి ఇవతల నిలబడి గోళ్ళు కొరుక్కుంటూనే ఉన్నాను, గడియ మాత్రం తియ్యలేదు. మర్నాడు మా అమ్మ చెప్పిందని సబ్బు ముక్క సన్నగా చెక్కి పెట్టాను. పనయింది. నేనే గెలిచాననుకున్నాను.

ఆ తర్వాత ఎనిమిది రోజులు బిగబట్టింది. తొమ్మిదో రోజు నుంచి చెడ్డీలో నీళ్ళలా మరకలు. విరేచనాలు పట్టుకున్నాయనుకుని సగ్గుబియ్యం జావ పట్టాను. అంతకుముందు డాక్టరు రాసిచ్చిన సిరప్ ఆపేశాను. మరకలు ఆగకపోతే మళ్ళీ తీసుకెళ్ళాం. ఆవిడ పాప పొట్ట నొక్కి చూసి, నా చెయ్యి తీసుకుని కింద ఎడమవైపు పెట్టారు. చేతికి గట్టిగా ఉండలా తగిలింది. "ఇవి విరేచనాలు కావమ్మా. ఇది అడ్డుపడి ఉంది, దీని పక్కల నుంచి పల్చనిది కారుతోంది. మీరు ఆపాల్సింది మందు కాదు" అన్నారు. తర్వాత అడిగారు, "ఇంట్లో ఎవరైనా బలవంతంగా కూర్చోబెట్టారా?" అని. మావారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

పూర్తిగా బాగుపడటానికి తొమ్మిది నెలలు పట్టింది. అందులో చాలా నెలలు నేను పెట్టిన గడియ తెరవడానికే పట్టాయని నా నమ్మకం. కాబట్టి ఇప్పుడు నేను అనబోయే మాటలన్నీ నాకు కూడా తగులుతాయి.

మొదటి మాట పెద్దవాళ్ళకి. అత్తయ్యగారూ, అమ్మా, మీ కాలంలో ఇవన్నీ లేవంటారు. కొంత నిజమే. మీరు కాళ్ళు చాపుకుని, రెండు పాదాల మీద పిల్లని గొంతుక్కూర్చోబెట్టి, వీపుకి ఆసరా ఇచ్చి, కబుర్లు చెబుతూ పని కానిచ్చేవారు. అందులో ఎంత తెలివుందో! మోకాళ్ళు నడుము కన్నా పైకి ఉంటాయి, పాదాలకి ఆధారం ఉంటుంది, అమ్మమ్మ ఒడిలోనే ఉన్నానన్న ధైర్యం ఉంటుంది. కమోడ్ మీద కాళ్ళు గాల్లో వేలాడుతూ, లోపల పడిపోతానేమోనని అంచులు పట్టుకుని కూర్చున్న పిల్లకి ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. ఇవాళ డాక్టర్లు కమోడ్ ముందు కాళ్ళ కింద పీట వెయ్యమంటున్నది మీరు చేసిందాని కోసమే. ఆ విద్య మాకివ్వండి, కళ్ళకద్దుకుంటాం. సబ్బు ముక్క, ఆముదం, వేలితో లాగడం మాత్రం వద్దు. సబ్బు లోపలి పల్చని పొరని మండిస్తుంది. ఆముదం పేగుని మెలిపెట్టి తోస్తుంది. అసలే నొప్పికి భయపడ్డ చోట ఇంకో నొప్పి పెట్టి భయం పోగొట్టలేం. అయిదో రోజు పని కావడం ముఖ్యం కాదు, ఆరో రోజు ఆ పిల్ల భయపడకుండా కూర్చోవడం ముఖ్యం.

రెండో మాట మగవాళ్ళకి. "నువ్వు ఏం పెడుతున్నావో ఏమిటో" అనే మాట ఎంత సుళువుగా వస్తుందండీ! పిల్లాడికి జలుబు చేస్తే ఐస్‌క్రీమ్ తినిపించింది నువ్వే, మోషన్ రాకపోతే కూరలు పెట్టనిది నువ్వే. తిండి పాత్ర లేదని నేననను. రోజుకి నాలుగు సీసాల పాలు తాగి, బిస్కెట్లతో కడుపు నింపుకునే పిల్లాడు అన్నం, కూర తినడు. మూడేళ్ళ పిల్లలకి రోజుకి అరలీటరు పాలు చాలు. ఆ సీసా తగ్గించండి, ఆకలి దానంతటదే వస్తుంది. తోటకూర పప్పు, బీరకాయ, బొప్పాయి, జామపండు, నానబెట్టి మెదిపిన ఎండు ద్రాక్ష, పల్చటి మజ్జిగ, ఇవి మన ఇళ్ళల్లో ఉన్నవే. కానీ 2014లో యూరప్, ఉత్తర అమెరికా పిల్లల ఉదరకోశ నిపుణుల సంఘాలు కలిసి ఇచ్చిన సూచనల్లో ఏముందో తెలుసా? పిల్లలకి మామూలుగా కావాల్సినంత పీచు, మామూలుగా కావాల్సినన్ని నీళ్ళు ఉండాలి, అంతకు మించి అదనంగా పెడితే మలబద్ధకం తగ్గుతుందనడానికి తగిన ఆధారం లేదని. ఒకసారి గట్టిపడి అడ్డం పడ్డాక దాన్ని ఆకుకూరతో కదిలించలేం. అక్కడ మందే కావాలి. కాబట్టి వంటింటి వైపు వేలు చూపించడం మాని, రాత్రి అన్నాలయ్యాక పది నిమిషాలు పిల్లాడి పక్కన బాత్రూమ్‌లో చిన్న స్టూలు వేసుకుని కూర్చోండి. ఆ పని అమ్మే చెయ్యాలని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

మూడో మాట ప్లే స్కూళ్ళకి. రెండున్నరేళ్ళ పిల్లల్ని చేర్చుకుంటామని బోర్డు పెట్టి, డైపర్ ఉంటే రావద్దంటారు. ఈ వయసులో చాలామంది పిల్లలు ఇంకా నేర్చుకుంటూనే ఉంటారని చిన్నపిల్లల్తో పని చేసేవాళ్ళకి తెలియదా? మీరు పెట్టిన జూన్ గడువు తల్లి చేతిలో బెత్తం అవుతుంది. ఇంకో సంగతి. పిల్లల ఎత్తుకి సరిపోని, తడిగా, చీకటిగా ఉండే బాత్రూములు చూసి రోజంతా ఆపుకుని ఇంటికొచ్చే పిల్లలెందరో. ఫీజు కట్టేముందు ఏసీ ఉందా, స్మార్ట్ బోర్డు ఉందా అని చూసే మనం బాత్రూమ్ తలుపు తీసి చూస్తున్నామా? చూడండి. చూపించనంటే అక్కడ చేర్చకండి.

నాలుగో మాట మనకి, అమ్మలకి. డైపర్ మారుస్తూ రోజుకి ఎన్నిసార్లు "ఛీ ఛీ, కంపు" అంటామో లెక్కపెట్టుకుందామా? అది తన ఒంట్లోంచి వచ్చిందని పిల్లకి తెలుసు. ఛీ అన్నది దాన్నో, తననో పిల్లకి తెలియదు. ఆ పిల్ల కర్టెన్ వెనకే దాక్కుంటుంది, మన కళ్ళెదురుగా ఎందుకు కూర్చుంటుంది? ఇంకా, పక్కింటావిడతో, ఫోన్లో అమ్మతో, వాట్సాప్ గ్రూపులో, పిల్ల అక్కడే ఉండగా "ఇవాళ కూడా వెళ్ళలేదు" అని రోజూ బులెటిన్ చదువుతాం. మన మోషన్ గురించి ఎవరైనా అలా చదివితే ఊరుకుంటామా? "మా వాడికి ఏడాదిన్నరకే వచ్చేసింది" అని పక్కనే గొప్పలు పోయే తల్లులూ, మీరు కాసేపు ఆగండి. అది మీ పెంపకం గెలిచిన పతకం కాదు, పక్కవాళ్ళ పెంపకం ఓడిపోయిన గుర్తూ కాదు.

"మరి అలా వదిలేస్తే ఎప్పటికి నేర్చుకుంటుంది?" అని మావారు అప్పట్లో అడిగారు. సరైన ప్రశ్నే. వదిలెయ్యమని నేననట్లేదు. వరస మార్చమంటున్నాను. మనం ముందు చోటు నేర్పి, తర్వాత భయం పోగొట్టి, చివరికి నొప్పి సంగతి చూస్తున్నాం. అది తిరగెయ్యాలి. ముందు మలం మెత్తబడాలి. తర్వాత భయం పోవాలి. చోటు చివర.

మెత్తబడటానికి పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మందు ఎంత వెయ్యాలో పిల్ల బరువు చూసి ఆవిడే చెప్పాలి, వాట్సాప్ కాదు. సాధారణంగా ఏడాది దాటిన పిల్లలకి పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పొడి, అంతకన్నా చిన్నవాళ్ళకి లాక్టులోజ్ సిరప్ రాస్తారు. ఇవి పేగులో నీటిని పట్టి ఉంచి మలాన్ని మెత్తగా చేస్తాయి. ఇక్కడ మన ఇళ్ళల్లో తప్పకుండా వినపడే మాట ఒకటుంది, "మందు అలవాటైపోతుంది, రెండు రోజులేసి ఆపెయ్" అని. నేనూ విన్నాను, నేనూ ఆపాను. 2018లో మన దేశపు పిల్లల ఉదరకోశ నిపుణులు ఇచ్చిన సూచనల్లో మందు చాలాకాలం ఇవ్వాలని, బాగుపడ్డాకే మెల్లమెల్లగా తగ్గించాలని ఉంది. ఇందాక చెప్పిన 2014 సూచనల్లో కనీసం రెండు నెలలన్నారు. సాగిన పేగు మళ్ళీ దగ్గరపడటానికి అంత సమయం కావాలి. అంతకన్నా ముఖ్యం, "ఇక నొప్పి రాదు" అని పిల్ల నమ్మడానికి అన్ని రోజులు కావాలి. ఒక్కరోజు మెత్తగా వస్తే నమ్మదు. నేనైనా నమ్మను.

ఆ నమ్మకం కుదిరేదాకా డైపర్ అడిగితే ఇచ్చెయ్యండి. ఓడిపోయామనుకోకండి. డైపర్లో వెళ్ళే పిల్ల ఆపుకునే పిల్లకన్నా వెయ్యి రెట్లు నయం. మేం చేసిందిది. మొదట డైపర్ వేసుకునే, కానీ బాత్రూమ్‌లో నిలబడి వెళ్ళమన్నాం. కొన్నాళ్ళకి డైపర్‌తోనే మూతపెట్టిన కమోడ్ మీద కూర్చోమన్నాం. తర్వాత మూత తీసి పిల్లల సీటు పెట్టి, కాళ్ళ కింద పీట వేసి, డైపర్‌తోనే. ఆఖరికి ఓ రోజు అదే తీసెయ్యమంది. ప్రతి మెట్టు దగ్గరా దానికిష్టమైనన్ని రోజులు ఆగాం. తిన్న కాసేపటికి పేగులు వాటంతటవే కదులుతాయి కాబట్టి టిఫినయ్యాక, రాత్రి అన్నమయ్యాక అయిదు పది నిమిషాలు కూర్చోబెట్టేవాళ్ళం. వచ్చినా రాకపోయినా కూర్చున్నందుకే మెచ్చుకునేవాళ్ళం. బుడగలు ఊదమంటే ఊదేది. ఊదుతుంటే పొట్ట దానంతటదే పనిచేస్తుంది, మనం "ముక్కు, ముక్కు" అనక్కర్లేదు.

రోజూ వెళ్ళి తీరాలని కూడా లేదండీ. రోజు విడిచి రోజు వెళ్ళినా మెత్తగా, ఏడవకుండా వెళ్తే బెంగ పడక్కర్లేదు. కానీ పుట్టిన మొదటి రెండు రోజుల్లో నల్లటి మలం వెళ్ళకపోయినా, మొదటి నెలలోనే మలబద్ధకం మొదలైనా, పచ్చటి వాంతులవుతున్నా, పొట్ట ఉబ్బినా, బరువు పెరగకపోయినా, కాళ్ళల్లో బలం తగ్గినట్టనిపించినా, నెత్తురు మళ్ళీ మళ్ళీ కనపడినా అది భయం సంగతి కాకపోవచ్చు. అప్పుడు ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించాలి. చాలామంది పిల్లల్లో ఇవేమీ ఉండవు. వాళ్ళకున్న జబ్బల్లా ఒకప్పటి నొప్పి, దాని మీద మనం పోసిన కోపం.

మా చెల్లి మంగళవారం బాబుని పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. అత్తగారు కూడా వెళ్ళారట. డాక్టరు చెప్పిందంతా విని, బయటికొచ్చాక "పాపం, నొప్పని చెప్పలేకపోయాడు వెధవ" అన్నారట. నిన్న రాత్రి చెల్లి ఫోన్ చేసింది. "అక్కా, ఇవాళ డైపర్లోనే వెళ్ళాడు, కర్టెన్ వెనకే. కానీ ఏడవలేదు" అంది. అంతవరకే వచ్చింది వ్యవహారం. ఇంకా నెలలు పడుతుంది.

రేపు మీరు వెళ్ళే పెళ్ళిలోనో, బారసాలలోనో ఇలాంటి కర్టెన్ కదలొచ్చు. నవ్వకండి, ఎవరైనా మొండి అంటే ఊరుకోకండి. ఆ తల్లి చేతిలో ప్రసాదం గిన్నె ఉంటే మీరందుకోండి. ఆవిణ్ణి వాడి దగ్గరికి వెళ్ళనివ్వండి.